బయలుదేరినవారిని యాప్ అడిగిన ప్రశ్న

నా గొంతు ఒక ఊరు ఊరంతటినీ కదలకుండా కూర్చోబెట్టింది. ఉపన్యాసం ఇచ్చి కాదు, పాట పాడి కాదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగి. దానివల్ల ఊరికి కలిగిన నష్టం కొన్ని చెంబుల మంచినీళ్లు. నాకు కలిగిన నష్టం ఏమిటో ఇప్పుడు మనవి చేస్తాను. పాఠకులు ముందుగానే నవ్వుకోవచ్చు. మా అమ్మ ఇప్పటికీ ఆపలేదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ని నేను. మా నాన్న రామతీర్థం వైపున్న మా ఊరి నుంచి విజయనగరానికి షేర్ ఆటో నడుపుతారు. ఆటో ఎప్పుడొస్తుందో తెలియక జనం ఎండలో నిలబడడం చూసి, ఏ ఆటో ఎంత దూరంలో ఉందో చెప్పే యాప్ ఒకటి తయారుచేశాను. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కంపెనీ మొబైల్ యాప్‌ల పోటీ ప్రకటించింది. గెలిచినవారిని హైదరాబాదులో వేదిక మీదికి పిలుస్తారట. పక్కన తల్లినో తండ్రినో నిలబెట్టి, ముందుగా వారి పేరు మైకులో చదువుతారట.

బహుమతి ఏమిటో నేను రెండోసారి చూడలేదు. ఈ వాక్యాన్ని మాత్రం పరీక్షకు చదివినట్టు చదివాను. మా నాన్న పేరు అంతవరకూ ఎవరూ మైకులో చదివి ఎరుగరు. ట్రాఫిక్ పోలీసు ఒకసారి పిలిచాడు గానీ అది పేరు కాదు, ఆటో నంబరు.

సంగతి నాన్నకు చెప్పాను. మరునాడు తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చారు.

పోటీ నిబంధన సులువైనదే. నెల రోజుల్లో ఎవరి యాప్ ద్వారా ఎక్కువ ప్రయాణాలు పూర్తవుతాయో వారే విజేత. ఒకసారి సమర్పించాక అందులో అక్షరం కూడా మార్చరాదు. చదువురానివారికి పనికిరావాలని నేను యాప్‌కు మాట నేర్పాను. తెరవగానే నా గొంతు, స్పీకరు పగిలేంత గట్టిగా, గ్రంథస్థమైన తెలుగులో పలుకుతుంది: "నమస్కారం. తమరు ఎక్కడికి బయలుదేరుచున్నారు?"

విన్న వెంటనే అమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"ఒరే బాబూ, ఏటిది? బయల్దేరినోల్ని ఎక్కడికని అడుగుతారేట్రా? ఎల్లిన పని అవుతాదా? దూరమా అని అడుగు, సాలు."

"అమ్మా, ఇది యంత్రం. యంత్రానికి శకునాలుండవు."

"యంత్రానికి నేవురా. ఎల్లేవోల్లకున్నాయి."

ఇంత స్పష్టమైన వాక్యం నాకు ఏ కళాశాలలోనూ బోధించలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను పోయిన మతికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నవాణ్ని. సమర్పించేశాను.

మొదటి రోజు మొదటి ప్రయాణికురాలు మా పక్కింటి అప్పలనర్సమ్మ పెద్దమ్మ. రోజూ వంకాయల గంపతో విజయనగరం బజారుకు వెళుతుంది. మా ఊరి ఇళ్లలో సిగ్నల్ అందదు. గుమ్మం దాటితేగాని ఫోన్లు పలకవు. పెద్దమ్మ గుమ్మం దాటింది, యాప్ నొక్కింది. నా గొంతు వీధి దద్దరిల్లేలా కుశలప్రశ్న వేసింది. పెద్దమ్మ గంపతో సహా వెనక్కి తిరిగింది. నేను పరుగెత్తాను.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏటవుతాది? నెత్తి మీద గంపెట్టుకొని నాలుగడుగులేసినాను. ఎక్కడికి అన్నావు. ఎనక్కొచ్చి కూకున్నాను."

"అన్నది నేను కాదు, యాప్!"

"గొంతు నీది కాదేట్రా? పుట్టినకాణ్నించి ఇంటన్నాను!"

మంచినీళ్లు తాగి, మళ్లీ గుమ్మం దాటి, ఆటో ఎక్కడుందో చూద్దామని మళ్లీ నొక్కింది. నేను మళ్లీ అడిగాను. మూడో చెంబు తరువాత ఫోను గూట్లో పడేసి నడిచే వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి ఊరంతా ఇదే వరస. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు; నేను ఎవరినీ ఇల్లు దాటనిస్తే కదా!

"ఒరే, పేసింజర్లేరిరా?" అని నాన్న ఖాళీ ఆటోలోంచి అడిగారు.

"ఇళ్లలో నీళ్లు తాగుతున్నారు నాన్నా."

రెండో వారంలో కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీ ప్రయాణికులందరూ నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్తున్నారు. కాసేపటికి మళ్లీ అంతే. మనుషులు ఇలా చేయరని మా సిస్టమ్ చెబుతోంది. దొంగ ప్రయాణాలని మిమ్మల్ని పోటీ నుంచి తీసేస్తున్నాం."

"మనుషులే అండీ. శకునం బాగోలేదని వెనుదిరుగుతున్నారు."

"శకునం అనే కారణం మా జాబితాలో లేదు సార్."

"ఒక్క మాట మార్చుకోనివ్వండి. 'దూరమా' అని పెడతాను."

"నిబంధనలు అందరికీ ఒకటే సార్."

నిజమే, ఒకటే. అప్పటికి మొదటి స్థానంలో ఉన్నది, పెద్ద భవనాల్లో లిఫ్టు ఎప్పుడొస్తుందో చెప్పే యాప్. లిఫ్టు ఒకసారి ఎక్కి దిగితే ఒక ప్రయాణం పూర్తయినట్టు! ఆ పోటీలో మేము గెలవాలంటే మా ఊళ్లో ముందు రెండో అంతస్తు కట్టాలి.

అభ్యంతరాలుంటే పోటీ ముగిసే శుక్రవారం ఉదయం పదిలోగా విశాఖపట్నం కార్యాలయానికి స్వయంగా రమ్మన్నారు. ఆ పొద్దున నాన్న తెల్ల చొక్కా తొడుక్కుని ఆటోలో కూర్చున్నారు.

"మనం ఏటి తప్పు సేసినాం? ఎల్లి సెప్దాం, రా."

నేను కాగితాల ఫైలుతో గుమ్మం దాటాను. అధికారులకు చూపించాలి కదా, యాప్ పనిచేస్తున్నదో లేదో అని ఒక్కసారి నొక్కాను.

"నమస్కారం. తమరు ఎక్కడికి బయలుదేరుచున్నారు?"

పట్టభద్రుణ్ని. శకునాలు లేవని వాదించినవాణ్ని. కానీ నా కాళ్లు డిగ్రీ చదవలేదు. అవి వెనక్కి తిరిగి, నన్ను పీట మీద కూర్చోబెట్టాయి. అమ్మ అప్పటికే చెంబుతో సిద్ధంగా ఉంది.

"నెమ్మదిగా తాగు. యంత్రం అడిగినాది గదా."

విజయనగరంలో బస్సు మా కళ్లముందే కదిలిపోయింది. తరువాతి బస్సు పట్టుకుని చేరేసరికి పది దాటింది. కాపలా ఆయన జాలిపడ్డాడు. "ఫలితాలు పెట్టీసినారు బాబూ. లిఫ్టు యాప్ గెలిసినాది. కావాలంటే అదిగో లిఫ్టు, పైకెల్లి అడగండి."

నాన్న లిఫ్టు వైపు ఒకసారి చూశారు. చొక్కా సర్దుకున్నారు.

"ఒద్దు బాబూ. మనం ఎక్కితే అదీ ఆల్ల లెక్కలోకే పోతాది."

ఇప్పుడు నేను రాజాంలో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. ఏ సభలో మైకు పేర్లు చదివినా, ఒక పేరు కోసం నా చెవి ఇంకా నిలబడే ఉంటుంది. యాప్‌ను అందరూ తీసేశారు, నాన్న తప్ప. సాయంత్రం ఆటో నిలిపాక ఒకసారి నొక్కుతారు. నా గొంతు అడుగుతుంది. "ఎక్కడికీ నేదు బాబూ, వచ్చీసినాను," అంటారు. వచ్చినవారిని అడిగితే దోషం లేదట.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గుమ్మం దాటిన ఏ ప్రాణినీ, ఆఖరికి వీధికుక్కను కూడా, ఎక్కడికని అడగను. ఎప్పటికైనా ఎవరైనా ఆ పేరు చదవడానికి పిలిస్తే, ఫోను ఇంట్లో వదిలి, నాన్నా నేనూ బయలుదేరుతాము. ఎదురైతే మీరు కూడా ఆ ప్రశ్న వేయకండి. దూరమా అని అడగండి.

దూరమే.