పార్లరక్క గడ్డం

వీధిలో ఆడవాళ్లంతా పార్లరక్క అని పిలిచే ఆమె, రోజూ షట్టర్ ఎత్తగానే ముందు అద్దంలో తన గడ్డమే చూసుకుంటుంది. రాత్రికి రాత్రి మొలిచిన నల్లటి వెంట్రుకలను ప్లకర్‌తో పీకుతూ, అన్నంలో బల్లి కనబడ్డట్టు మొహం పెడుతుంది. ఇది పీసీఓఎస్, హార్మోన్ల తేడా అని డాక్టరమ్మ రాసిన మాత్రలు మింగితే రోజంతా కడుపులో తిప్పుతుంది, నోరు తుప్పు నాకినట్టుంటుంది. మూడు నెలలు ఓర్చుకుని, చివరికి ఒళ్లు మండి మాత్రల అట్ట తీసుకెళ్లి డాక్టరమ్మ బల్లమీద పడేసింది.

“నెలసరి సరిగ్గా వస్తోందిగా? అది మందు చేసిన పనే. వెంట్రుకలు పలచబడటానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. మొత్తం పోతాయని మాత్రం ఆశ పెట్టుకోకు” అంది డాక్టరమ్మ.

“ఈ ముక్క మొదటే చెప్పుంటే పొద్దున్నే అద్దంతో పోట్లాడేదాన్ని కాదు కదండీ!” అంటూ పార్లరక్క అట్టను మళ్లీ సంచిలో వేసుకుంది.

ఆ సాయంత్రం ఐబ్రోస్ చేయించుకోవడానికి వచ్చినావిడ ఆమె గడ్డం కేసి చూస్తూ, “మా ఆడపడుచు ఏదో పొడి వాడిందట. నెల తిరక్కుండా నున్నగా అయిపోయింది” అంది.

పార్లరక్క దారం వేళ్లకు చుట్టుకుంది. “నున్నగా చేసింది పొడి కాదమ్మా, నేను. నెలనెలా ఈ కుర్చీలోనే కూర్చుంటుంది” అంది.

ఆవిడ వెళ్లాక, మొహం చిట్లించుకునే మాత్ర మింగింది.