ఒక్కో అంగుళం వదులు

టైలరమ్మ ఇరవై ఆరేళ్లుగా స్కూలు యూనిఫారాలు కుడుతోంది. ఎదిగే పిల్లల బట్టల లోపల రెండేసి అంగుళాలు మడిచి ఉంచుతుంది, ఏడాది తిరిగేసరికి కుట్టు విప్పి వదులు చేయడానికి. పెళ్లి చేసుకోలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే సూదిలో దారం ఎక్కించడం మొదలుపెడుతుంది. తమ్ముడూ మరదలూ పై వాటాలో, ఆమే మిషనూ కింది వాటాలో.

ఆ కింది వాటాకే గున్న వచ్చాడు. మూతబడిన రాళ్ల కోత మిల్లులో గొలుసుతో కట్టేసి వదిలేసిన కుక్క. కాపాడినవాళ్లు వాణ్ణి, పెంచుకునేవాళ్లు దొరికేదాకా మూణ్ణెల్లు చూడమని ఆమెకు అప్పగించారు. ఈలోగా ఎవరూ తీసుకోకపోతే వాళ్ల దగ్గరున్న బోనులోకే. యాభై రెండు కిలోలు. ఏనుగు పిల్లలా ఉన్నాడని మరదలే ఆ పేరు పెట్టి, కిందికి దిగడానికి భయపడి మెట్ల మీదే ఆగిపోయింది.

"వదినా, నువ్వు కుక్కను తెచ్చుకున్నావా, కుక్క నిన్ను తెచ్చుకుందా?"

గొలుసు తీసేసినా గున్న పెరట్లో గుండ్రంగానే తిరిగేవాడు. గిన్నె ఆ గుండ్రానికి బెత్తెడు అవతల ఉంటే, గాలిలో గోడేదో ఉన్నట్టు, ఆకలితో చూస్తూ నిలబడేవాడు. చూడ్డానికి వచ్చిన రెండు కుటుంబాలూ పిచ్చిదేమో అనుకుని వెళ్లిపోయాయి.

టైలరమ్మ టేపు పెట్టి కొలిచింది. మధ్య నుంచి అంచుకు అరవై అంగుళాలు, ఒకప్పటి గొలుసు పొడవన్నమాట. అంచు వెంట సుద్దతో గీసి, మర్నాడు గిన్నెను గీతకు ఒక్క అంగుళం అవతల పెట్టింది. గున్న చాలాసేపు ఆలోచించి, మెడ చాచి తిన్నాడు. ఆ మర్నాడు ఇంకో అంగుళం. ఈ లెక్కన వీధి చివరికి చేరేసరికి మనందరికీ పళ్లూడతాయంది మరదలు. రెండు నెలలకు గిన్నె గేటు దగ్గరికి చేరింది. పొద్దుటి వెలుగు పెరడంతా పరుచుకుంటే, గున్న దాని మీద ఎటు పడితే అటు నడిచాడు.

గడువుకు నాలుగు రోజుల ముందు మొక్కల నర్సరీ నడిపే ఒకాయన గున్నను చూడ్డానికి వచ్చాడు. తోట పెద్దది, తోడు కావాలన్నాడు. గున్న ఆయన చేయి వాసన చూసి తోక ఊపాడు. ఆయన గున్న మెడకు తాడు వేశాడు.

గున్న తల వంచి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. అవే అరవై అంగుళాలు.

 గొలుసు గుర్తు రాకూడదని ఇన్నాళ్లూ టైలరమ్మ వాడి మెడకు దారప్పోగు కూడా తగలనివ్వలేదు. బయటికి వెళ్లాలంటే తాడు వేయాలన్న సంగతే ఆమెకు తట్టలేదు.

ఆయన లాగలేదు. తాడు వదులుగా పట్టుకుని, పక్కనే తనూ తిరగసాగాడు. మెట్ల మీద మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీకు ఆలస్యమవుతుందేమో," అంది టైలరమ్మ.

"మొక్కలతో బతికేవాణ్ణి. నాకేం తొందరమ్మా," అన్నాడాయన, తిరుగుతూనే.

చుట్టు చుట్టుకీ ఆయన అడుగు కాస్త బయటికి పడుతోంది. టైలరమ్మ కళ్లు దాన్ని కొలిచాయి, ఒక్కో అంగుళం. ఎన్నో చుట్టులోనో ఇద్దరూ గేటు దాకా వచ్చి, అటే వెళ్లిపోయారు.

మూడోనాడు ఫోన్ వచ్చింది. ఆయన మొహమాటపడుతూ చెప్పాడు.

"మీవాడు ఈ చివర నుంచి ఆ చివరదాకా టమాటా నారంతా తొక్కేశాడమ్మా."

"తిన్నగానా?"

"తిన్నగానే. వరస వరసంతా."

టైలరమ్మ మిషను మీద తల ఆన్చి, మరదలు కంగారుగా కిందికి దిగి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.