పౌడరు పూసిన మేకపిల్ల

నా చిన్నప్పుడు ఒక మేకపిల్లకు తల్లి లేకుండా చేశాను. కావాలని చేసిన పని కాదు, ముద్దొచ్చి చేసిన పని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అలాంటి పని చేయకూడదని ఎవరైనా ముందే చెప్పి ఉన్నా నేను వినే రకం కాదు.

మాది కురబలకోట పక్కన ఒక పల్లె. తొంభైల మొదట్లో వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేయడంతో మా బావి అడుగంటింది. నాన్న పుంగనూరులో పాల వ్యాను నడిపే పనికి కుదిరాడు. ఆదివారం మాత్రమే ఇంటికి వచ్చేవాడు. అమ్మ కువైటుకు పోయింది, ఎవరింట్లోనో ఇంటిపని చేయడానికి. మా వైపు పల్లెల్లో అది అప్పటికే వింత కాదు. నన్ను మా అవ్వకు, అంటే నాన్నను కన్నతల్లికి అప్పగించి పోయింది. రెండేళ్లకు సెలవు ఇస్తారని చెప్పారు. రెండేళ్లంటే ఎంతో నాకు తెలియదు. పొద్దున లేవగానే, ఇంకా ఎన్ని దినాలని అవ్వను అడిగేదాన్ని. అవ్వ సంగటి కెలుకుతూ "ఇంగ కొన్నే" అనేది. ఏ రోజు అడిగినా అదే మాట.

అమ్మ పోయిన ఏడాదికి పక్క ఊరి ఆమె ఒకరు సెలవు మీద వచ్చారు. ఆమె చేత అమ్మ నాకొక పౌడరు డబ్బా పంపింది. ఇక్కడ ఉన్నన్నాళ్లూ అమ్మ ఏ పౌడరూ పూసుకుని ఎరగదు. ఆమె దగ్గర కట్టెపొగ, చెనక్కాయ నూనె కలిసిన వాసన వచ్చేది. అయినా ఆ డబ్బా మూత తీయగానే ఇది అమ్మ వాసనే అని నేను తీర్మానించుకున్నాను. వాడితే అయిపోతుందని ముఖానికి రాసుకునేదాన్ని కాదు. వాసన చూసి, గట్టిగా మూత బిగించి, బట్టల పెట్టెలో అడుగున దాచేదాన్ని. అవ్వ చూసి నవ్వేది గానీ ఏమీ అనేది కాదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా బొల్లి ఈనింది. బొల్లి అంటే మా పాల మేక. నుదుటి మీద తెల్లమచ్చ ఉండడం వల్ల ఆ పేరు. వాడలో ఏ పసిబిడ్డకు దగ్గు వచ్చినా గిన్నె పట్టుకుని దాని పాల కోసమే వచ్చేవాళ్లు. ఇంకా వారం ఉందిలే అనుకుని అవ్వ ఆ రోజు టమోటా కోతకు పోయింది. బొల్లి అవ్వ మాట లెక్కచేయలేదు. మిట్టమధ్యాహ్నం కొట్టంలోంచి అరుపు వినిపించి నేను వెళ్లేసరికి ఒక పిల్ల నేల మీద పడి ఉంది. తెల్లటి పిల్ల, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. బొల్లి దాన్ని నాకబోయింది, అంతలో మళ్లీ నొప్పులు రావడంతో అటు తిరిగిపోయింది.

పిల్ల ఒళ్లంతా జిగురు, మట్టి. చూస్తే జాలేసింది. ఎత్తుకుని పొయ్యి దగ్గరికి తెచ్చి, గోరువెచ్చని నీళ్లు పోసి, అవ్వ పాత చీర ముక్కతో తుడిచాను. తడి ఆరాక అది ఎంత ముద్దొచ్చిందని! నా ముఖానికి కూడా రాసుకోని ఆ పౌడరు తెచ్చి దాని మెడకూ వీపుకూ కడుపుకూ ధారాళంగా పూశాను. నా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే మంచిది దానికి ఇచ్చానని గర్వంగా ఉండింది. పిల్లను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

తిరిగి కొట్టంలోకి తీసుకుపోయేసరికి బొల్లి రెండో పిల్లను, ఒక నల్లదాన్ని, ఈని, దాన్ని ఒళ్లంతా నాకి ఆరబెడుతోంది. నా తెల్లపిల్లను దాని ముందు దించాను. బొల్లి మూతి దగ్గరికి తెచ్చి వాసన చూసింది. ఒక్కసారి బుసకొట్టి, తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది. లేచి నిలబడటమే రాని పిల్ల గోడకు పోయి తగిలింది. మళ్లీ తెచ్చి పెట్టాను, మళ్లీ కుమ్మింది. మూడోసారి పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు, కానీ నా వల్లే జరిగిందని మాత్రం తెలిసిపోయింది. పిల్లను కావలించుకుని అవ్వ వచ్చే దారి చూస్తూ వాకిట్లో కూర్చున్నాను.

సాయంత్రం అవ్వ వచ్చింది. ఒడిలో నాలుగు టమోటాలు ఉన్నాయి, అవి కింద పెట్టకముందే ఆమెకు వాసన తగిలింది. నా చేతిలోంచి పిల్లను లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నీ మొగం మండ! పెండ్లికి పంపిస్తాండావా దీన్ని, పౌడరు పూసినావు?"

వీపు మీద ఒక్కటి పడింది. ఏడుస్తూ, బొల్లికి కళ్లు లేవా, తన పిల్లను తాను చూసుకోదా అని అడిగాను. అవ్వ అప్పటికే పిల్లను తడిగుడ్డతో తుడుస్తోంది. "మేక కండ్లతో సూడదే, ముక్కుతో సూస్తాది. దాని వాసన నువ్వు కడిగేసి, ఏందేందో పూసినావు. ఇది ఎవురి బిడ్డో దానికెట్ల తెలుస్తాది?" అంది.

ఎంత తుడిచినా ఆ వాసన పోలేదు. కువైటు సరుకు మరి. అవ్వ పిల్ల వీపు మీద ఉప్పు చల్లి బొల్లి ముందు పెట్టింది, ఉప్పు కోసమైనా నాకుతుందని. బొల్లి తెలివైనది. ఉప్పంతా శుభ్రంగా నాకి, ఆ తర్వాత కుమ్మింది. అవ్వకు కోపంలోనూ నవ్వొచ్చింది. అప్పటికి పిల్ల కడుపులో ఒక్క చుక్క పాలు పడలేదు, తల వాలుస్తోంది. అవ్వ గబగబా ముర్రుపాలు పిండి, నాకు చిన్నప్పుడు పాలు పట్టిన ఉగ్గుగిన్నెతోనే దానికి పట్టించింది. రెండో పిల్లను దీంతో కలిపి, వాసన అంటుతుందని, రాత్రికి రెండింటినీ ఒకే గంప కింద మూసింది.

పాలు తాగాక పిల్ల కళ్లు తెరిచింది, నా వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక బొల్లితో పనేముంది, ఉగ్గుగిన్నెతో నేనే పెంచుతాను, నా పక్కనే పడుకోబెట్టుకుంటాను అన్నాను. మనసులో నాకది బాగానే అనిపించింది కూడా, ఒక ప్రాణి పూర్తిగా నాదై ఉండటం.

అవ్వ నెమ్మదిగా అంది, "నీకు పిల్ల కావాల్నా, పిల్లకు తల్లి కావాల్నా?"

నేను పిల్లను ఇంకా గట్టిగా హత్తుకున్నాను.

"నేను నీకు మూడు పూట్లా సంగటి పెడతాండా గదా. తల దువ్వుతాండా. అయినా ఎవురి కోసం ఏడుస్తావు నువ్వు?"

అది నన్ను దెప్పిన మాట కాదు. ఆమె గొంతులో నొప్పి ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. అంత చాకిరీ చేసినా తాను అమ్మ కాలేనని ఆమెకు తెలుసు, తెలిసీ ఏ రోజూ చిన్నబుచ్చుకోలేదు. ఆ రోజు నేను అదంతా ఆలోచించలేదు. తలొంచుకుని, తల్లే కావాలి అన్నాను.

అప్పటి నుంచి మాకు అదే పని. రోజుకు ఐదారు సార్లు నేను బొల్లి మెడ పలుపు పట్టుకుని దాని తలను గోడకు అదిమిపెట్టేదాన్ని. అవ్వ దాని వెనక కాలు ఒకటి ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో తెల్లపిల్ల నోటికి చన్ను అందించేది. బొల్లి తన్నేది, కింద కూలబడేది, నా పాదం మీద గిట్టతో తొక్కేది. నాకు దాని మీద ఎంత కోపమంటే, ఈ రాక్షసిని సంతలో అమ్మేద్దామని అవ్వ ప్రాణం తీసేదాన్ని. కన్నబిడ్డను తన్నే తల్లి ఉంటుందా అని దాని మొహం మీదే అడిగేదాన్ని. అది తీరిగ్గా నెమరు వేసేది.

"ఎన్ని దినాలు పట్టుకోవాలవ్వా?" అని అడిగితే అవ్వ చెప్పిన సంగతికి నేను పకపకా నవ్వాను. "దాని పాలు దీని కడుపులో పడి, ఎనక నించి బయటికి రావాల. తోక కాడ వాసన సూస్తే అప్పుడు తెలుస్తాది దానికి, ఇది నాదేనని. అంతదాకా తన్నినా పట్టుకోవాల. కొట్టకూడదు, ఇడిసిపెట్టకూడదు."

మూడో రోజు మా చేతులు నొప్పి పుట్టాయి. నాలుగో రోజు అవ్వ కోతకు పోలేదు. ఐదో రోజు బొల్లి కుమ్మడం మానేసింది గానీ, పలుపు వదిలితే పక్కకు జరిగిపోయేది. ఆరో రోజు పొద్దున నేను ఒక్కదాన్నే కొట్టంలో ఉన్నాను. గంప ఎత్తగానే పిల్లలు రెండూ బయటికి దూకాయి. నేను పలుపు అందుకునేలోపే తెల్లపిల్ల పోయి బొల్లి పొదుగు కింద దూరింది. బొల్లి మెడ వెనక్కి తిప్పింది. ఇంక కుమ్ముతుందని నేను కళ్లు మూసుకున్నాను. ఏ చప్పుడూ రాకపోతే తెరిచాను. అది పిల్ల తోక కింద వాసన చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత గొంతులో సన్నగా, అంతవరకు నల్లపిల్లతో మాత్రమే చేసిన శబ్దం ఒకటి చేసి, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి నిలబడింది. తెల్లపిల్ల తోక ఆడిస్తూ తాగింది.

సంతోషంతో ఏడ్చాను, కొంచెం వేరే ఏడుపు కూడా అందులో కలిసింది. రెండు రోజులు గడిచాక ఆ పిల్ల నా వేలి వంక కూడా చూడలేదు.

అమ్మ ఆ మరుసటి ఏడాది వచ్చింది. మదనపల్లె బస్టాండు నుంచి నాన్న ఆటోలో తీసుకొచ్చాడు. ఆ రోజు కోసం నేను ఎన్నిసార్లు పరుగెత్తి చూసుకున్నానో, వాకిట్లోంచి రోడ్డు దాకా ఎన్ని గంతుల్లో పోవచ్చో నాకు తెలుసు. ఆటో ఆగింది. ఎవరో ఒక ఆమె దిగింది. ఒళ్లు చేసింది, జుట్టు తగ్గింది, చేతులు పొట్టు రేగి తెల్లగా ఉన్నాయి. "అమ్మీ" అని చేతులు చాపింది. నేను నాలుగడుగులు వేశాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకోగానే, ఇల్లు కడిగే మందేదో చర్మంలో ఇంకిపోయినట్టు, నాకు ఏమాత్రం తెలియని వాసన వచ్చింది. విడిపించుకుని వెనక్కి పరుగెత్తి అవ్వ చాటున నిలబడ్డాను.

ఎందుకు అలా చేశావని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పలేకపోయేదాన్ని. రెండేళ్లు ఆమె కోసం ఏడ్చిన దాన్ని, ఆమె పిలిస్తే పలకలేదు, ఆమె కలిపిన ముద్ద తినలేదు, అవ్వ పక్కనే పడుకున్నాను. అమ్మ నా ముందు ఏడవలేదు. పెరటి గోడ దగ్గర అటు తిరిగి నిలబడటం మాత్రం రెండుసార్లు చూశాను.

అవ్వ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మొదటి రోజు నుంచే పూటపూటా నన్ను తెచ్చి అమ్మ ముందు కూర్చోబెట్టి, అమ్మ చేతికి దువ్వెన ఇచ్చేది. నేను లేవబోతే భుజాల మీద రెండు చేతులూ వేసి పట్టుకునేది. నేను గింజుకునేదాన్ని. ఒకసారి కాలితో తన్నాను, అది అమ్మ మోకాలికే తగిలింది. అవ్వ చేతులు వదలలేదు, గట్టిగా నొక్కనూ లేదు. నాలుగో రోజు అలా కూర్చుని ఉండగా, ఆ పట్టు నాకు తెలిసిన పట్టే అని ఒక్కసారిగా తట్టింది. బొల్లి కాలును ఐదు రోజులు పట్టుకున్న చేతులు అవి. నేను రాక్షసి అని తిట్టిన బొల్లి చెడ్డ తల్లి కాదు. పాపం, తనకు తెలిసిన వాసన కోసం వెతుక్కుంది, అంతే.

గింజుకోవడం మానేశాను. అవ్వ చేతులు తీసేసింది, లేచి సంగటి పొయ్యి దగ్గరికి పోయింది. అమ్మ జడ అల్లడం పూర్తయ్యాక కూడా నేను లేవలేదు. వెనక్కి వాలి ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాను. అమ్మ అప్పుడు ఏడ్చింది.

రెండు నెలలు కాగానే అమ్మ మళ్లీ వెళ్లిపోయింది. పూర్తిగా వచ్చేసేసరికి నేను కాలేజీ చదువుకు వచ్చేశాను, ఒళ్లో పడుకునే వయసు దాటిపోయింది. అవ్వ ఇప్పుడు లేదు. నేను కుప్పంలో ఉంటున్నాను, అంగన్‌వాడీలో పని చేస్తాను. కొత్తగా చేరిన పిల్లలు గోడకు అంటుకుని నిలబడి ఏడుస్తుంటే, ఇది మొండిది, ఇది మాట వినదు అనే మాట నా నోటికి రాదు. పక్కన కూర్చుంటాను. తన్నినా కూర్చుంటాను. అది అవ్వ నాకిచ్చింది.

అమ్మ అప్పుడప్పుడు బస్సెక్కి కుప్పం వస్తుంది. బయలుదేరేటప్పుడు ఇంకో నాలుగు రోజులు ఉండి పొమ్మంటాను. "మొన్న అడిగితే ఉంటి గదమ్మా, ఎప్పుడూ నాలుగు దినాలేనా నీకు?" అని నవ్వుతుంది, కానీ సంచి దించి ఉండిపోతుంది. నలభై దాటిన ఆడదాన్ని, నా తల తెచ్చి ఆమె ముందు పెట్టి దువ్వమంటాను. ఎన్ని నాలుగు రోజులు ఉన్నా, ఆమె అంత దూరం నుంచి నా కోసం వచ్చి, చేతులు చాపినా నేను దగ్గరికి పోని ఆ నాలుగు రోజులు మాత్రం నాకు తిరిగి రావడం లేదు.