వడ్ల అర్రలో జెర్రిపోతు

మా ఆయనకు మెదక్ తాలూకా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చిన కొత్తలో, భర్త పోయిన ఒక ముస్లిం ముసలమ్మ ఇంట్లో వెనక గది కిరాయికి తీసుకున్నాం. ఆమెను ఖాలా అని, పిన్నమ్మను పిలిచినట్టు పిలిచేదాన్ని. మా గదికీ, ఆమె వడ్లు పోసుకునే అర్రకూ మధ్య మట్టిగోడ ఒక్కటే; పైన వాసాలు రెండిటికీ కలిసే ఉండేవి. ఆ అర్రలో ఒక జెర్రిపోతు ఉండేది. మనిషికంటే పొడుగు. గోధుమరంగు ఒళ్ళు, తోకవైపు నల్లటి గళ్ళు. పగలే తిరిగేది. అలికిడైతే వాసాలమీదికి పాకి మాయమయ్యేది. దానికి విషం లేదని ఖాలా చెప్పింది. నమ్మాను గానీ భయం పోలేదు.

తొలికాన్పుకు పుట్టింటికి నర్సాపూర్ పోయి, మూడో నెల పాపతో తిరిగొచ్చాను. అమ్మ తోడొచ్చింది. పామును చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"జెర్రిపోతు ఉన్నకాడికి నాగుపాము జతకు వస్తది బిడ్డా. పసిపిల్ల ఉన్న ఇల్లు. అల్లునికి చెప్పి చంపియ్యి."

రెండూ వేరువేరు జాతులని, వాటికి జత కుదరదని చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పుడు మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు.

ఒక మధ్యాహ్నం వాసాలమీద ఎలుకను తరుముతూ ఆ పాము, ఎలుకతో సహా ఉయ్యాల పక్కనే దబ్బున పడింది. ఎలుకను చుట్టుకోలేదు. తన ఒళ్ళుతో గోడకు అదిమిపట్టి, బతికుండగానే మింగడం మొదలుపెట్టింది. నేను పాపను ఉయ్యాల్లోంచి లాక్కున్నాను. అమ్మ కేక విని, భోజనానికొచ్చిన మా ఆయన కట్టె పట్టుకున్నాడు. పక్కింటివాళ్ళూ వచ్చారు.

ఖాలా వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"జర ఆగుండ్రి. మా సాబుకు షుగర్ బీమారి ఉండె. కాళ్ళకు స్పర్శ లేకుండె. పండుకున్నప్పుడు ఎలుకలు వేళ్ళు కొరికితే ఆయనకు తెల్వనే లేదు. పుండు ముదిరి దవాఖానల పానం ఇడిసిండు. గా యేడే ఇది వచ్చింది, ఎలుకలు తగ్గినయి. దీన్ని చంపి మీరు పోతరు. నేను గీడనే ఉండాలె."

మా ఆయన కట్టె దించాడు. గొంతులో ఎలుకతోనే పాము నెమ్మదిగా గోడకన్నంలోకి పోయింది.

"ఆమె బాధ ఆమెది, మన పిల్ల మనది. రేపే పోదాం పా" అంది అమ్మ.

నేను కదల్లేదు. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మర్నాడు అమ్మ నాతో మాట్లాడకుండానే బస్సెక్కింది.

అప్పటినుంచి పాపను ఉయ్యాల్లోంచి తీసినప్పుడల్లా ముందు వాసాలకేసి చూసేదాన్ని, తర్వాత పాప కాలివేళ్ళు తడిమేదాన్ని. రెండు భయాలూ నాలోనే కాపురముండేవి.

చలికాలంలో పాము కనిపించడం మానేసింది.

"బేటీ, మీ దిక్కు ఏమన్న కనబడ్డదా?" అని ఖాలా అడిగింది.

"లేదు ఖాలా."

గోడ అవతల ఎలుకలు గీకుతున్న చప్పుడు మళ్ళీ వినిపిస్తోందని ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. ఎండలు ముదరకముందే మాకు బదిలీ అయింది. బండిలో సామాను ఎక్కిస్తుంటే ఖాలా వడ్ల కుప్ప చుట్టూ వంగి వెతుకుతోంది. ఆ జెర్రిపోతు తిరిగొచ్చిందో లేదో నాకు తెలియదు.