యాభై వాట్ల గిటారు, పెద్దమ్మ రేడియో

ఆ రోజుల్లో, అంటే మావైపు బస్సు దిగిన ప్రతి మనిషి చేతిసంచీ వంక ఊరంతా ఆశగా చూసే రోజుల్లో, నేను ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న ఒక ఊరికి బడిపంతులుగా వెళ్లాను. కొత్త ఉద్యోగం, కుర్రతనం, ఒంటరి గది. ఈ మూడూ ఒకచోట కలిస్తే మనిషి ఏదో ఒకటి వాయించక మానడు. నా చేతికి మా బావ ఎలక్ట్రిక్ గిటారు చిక్కింది. పెళ్లయిన కొత్తలో మా అక్క "ఈ ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అంటే, ఆయన బాగా ఆలోచించి (అలా ఆలోచించినందుకు ఆయన ఇప్పటికీ తిట్లు తింటున్నాడు) గిటారునే నాకు పంపించేశాడు. అయితే ఎలక్ట్రిక్ గిటారుకు మామూలు గిటారులాగా బోలు కడుపు ఉండదు. గట్టి చెక్క, దాని మీద తీగలు. యాంప్లిఫయర్‌కు తగిలిస్తే తప్ప దాని గొంతు పక్కమంచానికి కూడా వినపడదు. ఆ సంగతి మా బావ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను అద్దెకున్న ఇంటి ఆవిడను పెద్దమ్మ అనేవాడిని. ఆమెకు ఒక బర్రె, కొన్ని కోళ్లు, చేత్తో కుట్టిన పూల గుడ్డ కప్పుకున్న ఒక పాత పెద్ద రేడియో, ఊరి చివర దాకా వినిపించే గొంతూ ఉండేవి. నేను మొదటిసారి గిటారు తీసి వాయిస్తుంటే గడపలో నిలబడి చాలాసేపు చూసింది. "ఇదేంది సారూ, గొడ్డలి కామకు తీగెలు కట్టినవ్?" అంది. సంగీతం అన్నాను. దగ్గరికొచ్చి చెవి ఆనించి విని, నా వంక జాలిగా చూసి, "మూగదా, పాపం?" అంది.

అంతటితో ఊరుకునేవాడినే. కానీ కొత్తగూడెంలో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. దాని పెద్దను అందరూ కోటు సార్ అనేవాళ్లు. రోహిణి కార్తె ఎండలో కూడా కోటు విప్పని మహానుభావుడు. వాళ్ల గిటారు వాయించే అతను పెళ్లి చేసుకుని మానేశాడని తెలిసి వెళ్లి కలిశాను. కోటు సార్ నన్ను ఎగాదిగా చూసి, "శ్రీరామనవమికి భద్రాచలంల మన ప్రోగ్రాం ఉన్నది. ఇంట్ల మంచిగ ప్రాక్టీస్ చేసి, ఒక క్యాసెట్ నిండ వాయించి పంపు. విని చెప్త" అన్నాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. గోదావరి ఒడ్డున పందిరి, జనం, మధ్యలో మెడకు గిటారు తగిలించుకుని నేను. ఈ బొమ్మలో తక్కువైనదల్లా యాంప్లిఫయరే.

ఇంట్లో ప్రాక్టీసుకు, రికార్డింగుకు ఎలాంటి యాంప్లిఫయర్ కావాలో చెప్పేవాళ్లు మా ఊళ్లో ఒక్కరే. ఆయన పెద్దమ్మ తమ్ముడు. పెళ్లిళ్లకూ పండగలకూ మైకుసెట్టు కిరాయికిస్తాడు కాబట్టి ఊరంతా హారన్ మామ అనేవారు. వెళ్లి నా కష్టం చెప్పుకున్నాను. ఆయన పెద్ద డాక్టరులా తలాడించి, "రూం ఎంత ఉంటది సార్?" అన్నాడు. ఒక్క మంచం పడుతుందన్నాను. "అయితే యాభై వాట్లు చాలు" అన్నాడు. వాట్లు అంటే మార్కుల్లాంటివనీ, ఎన్ని ఎక్కువుంటే సంగీతం అంత బాగుంటుందనీ నా నమ్మకం. అందుకే, "అంతకన్నా పెద్దది లేదా మామా?" అని కూడా అడిగాను. (ఈ మాట రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ మనసొప్పలేదు.)

ఆదివారం పొద్దున హారన్ మామ యాంప్లిఫయరును నా మంచం మీద పెట్టాడు. హారన్ గదిలో పట్టలేదు. దాని నోరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "ముందుగాల మైకుల హలో అనాలె సార్. అనకుంటే మిషన్ మేల్కోదు" అన్నాడు. ఆయన మీద గౌరవంతో "హలో, హలో" అన్నాను. తర్వాత గిటారు తగిలించి ఒక్క తీగ మీటాను. ఆ శబ్దాన్ని ఏమని చెప్పను? రేకుల డబ్బాలో ఏనుగును పెట్టి మూత వేస్తే అలా అరుస్తుందేమో. పెద్దమ్మ బర్రె పలుపు తెంచుకుని వాగు వైపు పోయింది. ఎదురింటి ముసలాయన మంచం మీద లేచి కూర్చుని దండం పెట్టాడు. నేను భయపడి ఆపేశాను. ఈలోగా వీధిలో డబ్బాల చప్పుడు. చూస్తే ఆడవాళ్లు, మగవాళ్లు, చేతుల్లో ఖాళీ కిరసనాయిలు డబ్బాలతో మా ఇంటి ముందు వరస కడుతున్నారు. మా ఊళ్లో పండగ కాని రోజు మైకు పలికిందంటే రేషన్ కిరసనాయిలు వచ్చిందని లెక్కట. ఆ సంగతి నాకేం తెలుసు?

"సార్ పోస్తడట, జల్దీ రాండ్రి!" అని ఎవరో కేకేశారు. నేను గుమ్మంలో నిలబడి, కిరసనాయిలు లేదు, గిటారు అని చెప్పాను. "గిటారన్న ఏదో ఒకటి పొయ్ సారూ, ఇంత దూరమొచ్చినం" అంది ఒకావిడ. వరస కదలలేదు. అప్పుడే రేషన్ డీలరు లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చి, "నాకు తెల్వకుంట నీ ఇంట్ల ఎట్ల దింపిన్రు సార్ స్టాకు?" అని నా మంచం కిందికి వంగి చూశాడు. అక్కడ నా ట్రంకుపెట్టె తప్ప ఏమీ లేదని తేలాక గానీ జనం పోలేదు. పోతూ పోతూ నా వైపు చూసిన చూపులున్నాయే, వాటిని మర్చిపోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

బర్రెను వెతికి తోలుకొచ్చాక పెద్దమ్మకు నామీద కోపం పోయి జాలి మిగిలింది. "ఆ కొమ్ముబూర ఎందుకు సారూ, నా రేడియోకు పెట్టుకోరాదూ? మా ఆయన ఉన్నప్పుడు దానికి గ్రామఫోను తగిలించేటోడు" అంది. చూస్తే నిజమే, రేడియో వెనక గ్రామఫోను వైరు పెట్టే రంధ్రాలున్నాయి. గిటారు వైరు అందులో దోపాను. లోపలి గాజు వాల్వులు వేడెక్కి ఎర్రగా వెలిగేదాకా కూర్చున్నాం. మీటితే, అబ్బ! గిటారు మొట్టమొదటిసారి మనిషిలా మాట్లాడింది. మెత్తగా, గుండ్రంగా, గది దాటకుండా. పెద్దమ్మ కళ్లు పెద్దవి చేసి, "మూగది గాదు సారూ, బిడియపుది" అంది. నా యాంప్లిఫయర్ ఎంపిక అంతటితో ముగిసింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం రికార్డింగు పెట్టుకున్నాను. నా టేప్‌రికార్డరులోనే చిన్న మైకు ఉండేది. అది చిత్రమైన జాతి. నేను వాయిస్తున్నంతసేపూ నన్నే వినేది. నేను కాస్త ఆగితే చాలు, చెవులు రిక్కించి వీధిలోని గుసగుసలన్నీ పట్టేసేది. పైగా రేడియో మీట అరిగిపోయి, గిటారు వెంట స్టేషను కూడా సన్నగా కారుతోంది. ఇవేవీ నేను పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని వాయించాను. కళాకారులు కళ్లు మూసుకోవాలని ఎక్కడో చూశాను. క్యాసెట్ పూర్తయ్యాక మొదటి పాట వింటే బ్రహ్మాండంగా ఉంది. మిగతాది వినబోతే కరెంటు పోయింది. సాయంత్రం బస్సు వెళ్లిపోతుందని క్యాసెట్‌ను కండక్టరు చేతికిచ్చి పంపేశాను.

వారం తిరక్కుండా అదే కండక్టరు బస్సులోంచి తల బయటపెట్టి, "సార్, సెలక్టయిన్రట! కోటు సార్ జల్దీ రమ్మన్నడు!" అని అరిచాడు. నేను గిటారు భుజాన వేసుకుని అదే బస్సెక్కాను. కోటు సార్ నన్ను చూడగానే లేచి వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. "ఏం చేసినవయ్యా! గిసొంటి ధ్వన్యనుకరణ నేను జన్మల వినలే!" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఆయన క్యాసెట్ పెట్టాడు. నా రెండో పాట మొదలైంది. కాసేపటికి గిటారు వెనక నుంచి గంభీరంగా "రైతు సోదరులారా, వరిలో ఆకుముడత పురుగు" అని ఒక గొంతు. అది ఆగీ ఆగకముందే పెద్దమ్మ గొంతు. "ఉష్! నీ మెడ ఇరవ! ఎండబోసిన వడ్లు నీ అబ్బ సొమ్మనుకున్నవా? ఆగు, నీ పులుసు పెడ్త!" వెంటనే కోడి, దానికి తోడు బర్రె. ఆ తర్వాత "సారూ, చాయ తాగుతవా?" "వద్దు పెద్దమ్మా, రికార్డింగు!" "తాగి కొట్టుకో సారూ, అదేడికి పోతది?"

ఆర్కెస్ట్రావాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. "ముసలమ్మ, కోడి, బర్రె, రేడియో, అన్నీ అసలు లెక్కనే ఉన్నయ్. మధ్యల ఆ గిటారు చప్పుడు ఒక్కటే కొంచెం తేలిపోయింది. అదీ నోటితోనే చేసినవా?" అని అడిగాడు కోటు సార్.

"అది గిటారే సార్. మిగతావి నేను చెయ్యలేదు, నిజమైనవే" అన్నాను దీనంగా.

"చూసిన్రా? ముఖంల నవ్వు రాకుండ ఎట్ల చెప్తున్నడో!" అని ఆయన ఇంకా నవ్వాడు. నేను ఎన్నిసార్లు నిజం చెబితే అంత పెద్ద కళాకారుడినయ్యాను. నవమి ప్రోగ్రాంలో నా ధ్వన్యనుకరణ ఖాయమైపోయింది.

ఇంటికొచ్చి పెద్దమ్మకు చెప్పుకుని, ఆమె దగ్గరే సాధన మొదలుపెట్టాను. నేను బర్రెలా అరిస్తే బర్రె తల తిప్పుకునేది. పెద్దమ్మలా తిడితే కోళ్లు నా కాళ్ల దగ్గరికొచ్చి గింజలు ఏరుకునేవి. "అవ్, మంచిగనే ఉంది" అనేది పెద్దమ్మ, జావ తాగలేని జ్వరగొట్టుకు ధైర్యం చెప్పినట్టు.

భద్రాచలంలో సాయంత్రం పందిరి కిక్కిరిసి ఉంది. మైకుసెట్టు హారన్ మామదే. దర్శనానికని ఆయన వెంట వచ్చిన పెద్దమ్మ, యాంప్లిఫయర్ పక్కన, పందిరి గుంజ చాటున పీట వేసుకుని కూర్చుంది. నన్ను పిలిచారు. నేను వేదికెక్కి బర్రెలా అరిచాను. ఎవరో దగ్గారు. కోడిలా కూశాను. ముందు వరసలో పసిపిల్ల ఏడ్చింది. ఇక మిగిలింది పెద్దమ్మ తిట్లే. "ఉష్, నీ మెడ ఇరవ" అని, కోడిని బతిమాలుతున్నట్టు అన్నాను. కోటు సార్ మొదటిసారి కోటు గుండీ విప్పుకోవడం ఓరగా చూశాను.

అప్పుడు పైన హారన్లన్నీ ఒక్కసారిగా గర్జించాయి. "గట్ల గాదు సారూ! నేను ఎన్నడన్న గంత మెత్తగ తిట్టిన్నా?"

పెద్దమ్మ ఉండబట్టలేక అన్న మాట, హారన్ మామ పక్కన తెరిచి ఉంచిన ఇంకో మైకులో పడింది. జనానికి ఆమె కనిపించదు. నోరు తెరుచుకుని నిలబడ్డ నేను కనిపిస్తాను. పందిరి పగిలిపోయేలా నవ్వు. నాకు వేరే దారి తోచక, "మరెట్ల పెద్దమ్మా?" అన్నాను. "గిట్ల!" అని మొదలుపెట్టి, ఆమె కోడిని, కోడి తాతను, వడ్లు తొక్కిన మేకను, దాన్ని విడిచిపెట్టినవాళ్లను వరసగా కడిగేసింది. నేను చేయాల్సిందల్లా పెదాలు కాస్త ఆడించడం. చప్పట్లు ఆగలేదు. కోటు సార్ కోటు చేతులతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

మర్నాడు తిరుగు బస్సులో పెద్దమ్మ ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని, ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "అంత అయింది గానీ సారూ, నీ గిటారు కొట్టనే లేదు గదా?" అంది. నిజమే, నేనే మర్చిపోయాను. ఇద్దరం పాల్వంచ దాటేదాకా నవ్వుకున్నాం. ఆ తర్వాత కూడా కోటు సార్ పిలిచినప్పుడల్లా వెళ్లేవాళ్లం, ఆమె గుంజ చాటున, నేను వేదిక మీద. ఆ ఊరి నుంచి నాకు బదిలీ అయ్యేదాకా ఆ ఆట సాగింది. ఆ గిటారును ఆర్కెస్ట్రాలో వాయించమని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు రిటైరై ఖమ్మంలో ఉంటున్నాను. ఈమధ్య అరచేతిలో పట్టే యాంప్లిఫయర్ కొనుక్కున్నాను. దాని ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంటే వాయించేవాడికి తప్ప ఇంకెవరికీ వినపడదు. మొన్న సాయంత్రం వరండాలో కూర్చుని, కళ్లు మూసుకుని, తల ఊపుతూ చాలాసేపు వాయించాను. మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, ఎదురుగా నిలబడి చూస్తోంది. చెవుల్లోవి తీసి, "ఎట్లుంది?" అన్నాను.

"ఏం వినపడ్తలేదు" అంది.

"అంటే బాగా కుదిరిందన్నమాట" అన్నాను. ఒకప్పుడు యాభై వాట్లకన్నా పెద్దది లేదా అని అడిగిన ఆ కుర్రవాడు ఈ మాట వింటే నన్ను ఎంత చిన్నచూపు చూసేవాడో అనుకుంటే నవ్వొచ్చింది. వాడి మీద ముద్దు కూడా వచ్చింది. చెవుల్లోవి మళ్లీ పెట్టుకున్నాను.