డ్రైవు మూతిలో ఫ్లాపీ

10 జూన్ 1995, శనివారం. కల్వకుర్తి.

హాజరు: నేను, నా భార్య, మా అమ్మాయి, నా సడ్డకుడు, అతని భార్య అయిన నా మరదలు. మరదలు కుట్టిన పూల గుడ్డ కప్పుకుని ఒక కంప్యూటర్.

ఆనాటి డైరీ ఇట్లాగే మొదలవుతుంది. రెవెన్యూ ఆఫీసు రికార్డు గదిలో ఉద్యోగకాలం గడిపినవాణ్ణి. ఎవరెవరున్నారో రాయకుండా ఏం జరిగిందో రాయడం నాకు చేతకాదు. కంప్యూటర్‌ను హాజరులో చేర్చడానికి కారణముంది. ఆ ఏడాది మా అమ్మాయి నా ఎదుట కంటే దాని ఎదుటే ఎక్కువగా కూర్చుంది.

అమ్మాయి హైదరాబాదులో ఎం.ఫిల్. చేస్తుండేది. ఆమె ఎంచుకున్న విషయం మా మెట్ట భూముల ఆముదం పంట. నా సడ్డకుడికి, అంటే నా భార్య చెల్లెలి భర్తకు, కల్వకుర్తిలో విత్తనాల దుకాణం ఉంది. చుట్టుపక్కల ఆముదం వేసే రైతులంతా అతనికి పరిచయమే. ఊళ్లు తిప్పడానికి స్కూటర్ ఉంది. దుకాణం లెక్కలకని కొన్న కంప్యూటర్ ఉంది. మహబూబ్‌నగర్‌లో నాకున్నవి ఒక ఇల్లు, డైరీలు పెట్టుకునే బీరువా. సెలవులు రాగానే అమ్మాయి మా ఇంట్లో ఒక పూట భోంచేసి, ఉతికిన బట్టలు సంచిలో పెట్టుకుని కల్వకుర్తి బస్సు ఎక్కేది. తిరిగి వచ్చాక నోరు తెరిస్తే చిన్నాయన మాటే. చిన్నాయన రైతులను ఎట్లా నవ్వించాడో, చిన్నాయన టైపు చేస్తుంటే ఎట్లా ఉంటుందో. నేను అన్నం కలుపుకుంటూ వినేవాణ్ణి. ఆ కూరలో ఉప్పు ఉందో లేదో నాకు తెలిసేది కాదు.

అందుకే నేనూ ఒక కంప్యూటర్ కొన్నాను. రిటైరైనవాడికి కాలక్షేపం కావాలి కదా అని అందరికీ చెప్పాను. అమ్మాయి ఇంట్లో ఉంటుందని కొన్నాను.

కొన్నాక దాన్ని పద్ధతిగా నేర్చుకున్నాను. ఊళ్లో కొత్తగా తెరిచిన శిక్షణ కేంద్రానికి పోయి డిగ్రీ పిల్లల మధ్య కూర్చున్నాను. అక్కడ నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న పాఠం వైరస్‌ది. ఎవరో పనిగట్టుకుని రాసి వదిలిన చిన్న ప్రోగ్రామ్ అది. మనకు తెలియకుండా ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు తన నకలు తానే తీసుకుంటుంది. కొన్ని ఊరికే దాక్కుంటాయి. కొన్ని ఒక తేదీ కోసం కాచుకుని, ఆ రోజు రాగానే ఉన్నదంతా తుడిచేస్తాయి. ఆ రోజుల్లో మా ఊళ్లో ఇళ్లకు ఇంటర్నెట్ లేదు. వైరస్ వచ్చినా పోయినా ఫ్లాపీ మీదే. కాబట్టి మా ఇంట్లో నియమాలు పెట్టాను. బయటి ఫ్లాపీ ఏదైనా ముందు వైరస్‌ను వెతికే ప్రోగ్రామ్‌తో పరీక్షించాలి. చదవడానికే తప్ప రాయడానికి అవసరం లేని ఫ్లాపీ అంచున ఉండే గంటుకు కాగితం అతికించాలి, అప్పుడు దాని మీద ఏదీ రాయబడదు. మిషన్ ఆపేముందు డ్రైవులో ఫ్లాపీ ఉండకూడదు. మిషన్‌ను లేపడానికి పనికొచ్చే, శుభ్రమైనదని రూఢి అయిన ఒక స్టార్టింగ్ ఫ్లాపీ, గంటు మూసి, బీరువాలో ఉండాలి.

అమ్మాయి వచ్చింది. ఆమె సంచిలోని ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటే పరీక్షిస్తూ కూర్చున్నాను. ఆమె గడప దగ్గరే నిలబడి చూసింది.

"బాపూ, ఫ్లాపీని గూడ కాళ్లు కడుక్కొని లోపలికి రమ్మంటవా?"

"బయటికెళ్లి వచ్చినయి కద బిడ్డా."

"మా ఇంట్ల ఫ్లాపీకున్న మర్యాద నాకు లేదు," అన్నది వంటింట్లోంచి నా భార్య.

ఇద్దరూ నవ్వారు. రెండు రోజులుండి అమ్మాయి మళ్లీ కల్వకుర్తి వెళ్లింది. చిన్నాయన దగ్గర ఇన్ని నియమాలు లేవట. పని చకచకా సాగుతుందట.

ఆ జూన్ శనివారం మరదలు ఆవకాయ పెడుతున్నదని నా భార్య బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. నా సంచిలో తువ్వాలు, డైరీ, స్టార్టింగ్ ఫ్లాపీ, వైరస్‌ను వెతికే ప్రోగ్రామ్ ఉన్న ఫ్లాపీ. అవి ఎందుకు పెట్టుకున్నానని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మేము చేరేసరికి కరెంటు లేదు. అమ్మాయి దుకాణం వెనక గదిలో ముఖం వేలాడేసుకుని కూర్చుని ఉంది. ఆమె ఎదుట నల్లటి పెద్ద ఫ్లాపీలు పేకముక్కల్లా పరిచి ఉన్నాయి.

"ఏమైంది బిడ్డా?"

"మూడు ఫ్లాపీలు ఖరాబైనయి బాపూ. నాలుగో చాప్టర్ ఏ ఫ్లాపీల తెరిచినా ఏవేవో గుర్తులొస్తున్నయి. మిషన్ల ఉన్నదొక్కటే మిగిలింది. అది గూడ పోతె ఏం చెయ్యాలె? వచ్చే వారమే గైడుకు ఇయ్యాలె."

"ఫికర్ చెయ్యకు బిడ్డా, ఎండకు ఖరాబై ఉంటయి," అన్నాడు సడ్డకుడు. "కొత్తయి తెప్పిస్త."

బిడ్డా అన్నాడు. నేను అన్న వెంటనే తానూ అన్నాడు. ఆ మాట అతని నోట నాకంటే సులువుగా వచ్చింది.

"మిషన్ ఈ మధ్య మెల్లగ నడుస్తాందా?" అని అడిగాను.

"జర మెల్లగైంది. దానికి గూడ ఎండలు గావట్టె."

"ఎవ్వరు ఏం ఒత్తకున్నా డ్రైవు లైటు ఎలుగుతాందా?"

అమ్మాయి తల ఎత్తి చూసింది. "అవు బాపూ. నీకెట్ల తెలుసు?"

అంతలో కరెంటు వచ్చింది. సడ్డకుడు పూల గుడ్డ తీసి మడతపెట్టాడు. అప్పుడు చూశాను, డ్రైవు మూతిలో ఒక ఫ్లాపీ బిగించి ఉంది, మీట కూడా కిందికి తిప్పి ఉంది. అతను అట్లాగే స్విచ్ వేశాడు. డ్రైవు గరగరలాడింది. ఇది స్టార్టింగ్ డిస్కు కాదు, తీసి కీబోర్డు మీద ఏదైనా మీట నొక్కమని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. అతను ఫ్లాపీ తీసి, మీట నొక్కి, చేతులు దులుపుకున్నాడు.

"రోజు గిట్లనే చేస్తవా తమ్మీ?"

"రోజు గదే అంటది. డిస్కు తీసి ఒక్కటి ఒత్తితె లేస్తది."

"అసలు ఆడ ఫ్లాపీ ఎందుకు పెట్టినవ్?"

అతను నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. అట్లాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు చూశాడు. "దుమ్ము పోదా అన్నా? ఎర్రదుమ్ము. సంచి మూతి కట్టకుంట దుకాణం మూస్తమా? మిషన్ మూతి గూడ గంతే. ఏదో ఒక ఫ్లాపీ పెట్టి బిగిస్త."

"ఇప్పుడు తీసింది ఎవరిది?"

అమ్మాయిదే. హైదరాబాదులో యూనివర్సిటీ దగ్గరి టైపింగ్ సెంటర్‌కు ప్రింటు కోసం తీసుకువెళ్లినది. అక్కడివాళ్లు అక్షరాలు సరిచేసి అందులోనే రాయాలని గంటు మీది కాగితం పీకేశారట.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మెమరీ ఎంతుందో చెప్పే ఆదేశం టైపు చేశాను. 655360 రావాలి. ఆ అంకె నాకు నా ఇంటి నంబరు లాంటిది. తక్కువ వచ్చింది. మిషన్ లేవగానే ఎవరో ముందుగా వచ్చి కొంత జాగా ఆక్రమించుకున్నారన్నమాట.

"వైరస్," అన్నాను.

"వైరస్ హైదరాబాద్ల ఉంటదన్నా. కల్వకుర్తికి బస్సెక్కి వస్తదా?"

"వచ్చింది. మా బిడ్డ సంచిల కూసోని వచ్చింది. నువ్వు రోజు పొద్దుగాల దాన్ని లేపి లోపలికి పిలుస్తున్నవ్. డ్రైవుల ఫ్లాపీ ఉంటె మిషన్ ముందుగాల దాన్నే సదువుతది. స్టార్టింగ్ డిస్కు కాదని నీకు చెప్పేలోపల వైరస్ మిషన్ల జొర్రింది. అటెన్క నువ్వు పెట్టిన ప్రతి ఫ్లాపీకి అంటుకున్నది. ఖరాబైనయి గందుకే."

మరదలు కారం చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "గది మనకు గూడ అంటుతదా బావా? జరమొస్తదా?"

"మనుషులకు రాదు."

"మా ఆయనకొచ్చినట్టే ఉన్నది, చూడు మొఖం."

నిజంగానే సడ్డకుడి ముఖం వాడిపోయింది. గది నిండా జనం చూస్తుండగా నా మాట నెగ్గిన ఆ క్షణం కోసం నేను ఎన్ని బస్సులైనా ఎక్కేవాణ్ణి. సంచిలోంచి స్టార్టింగ్ ఫ్లాపీ తీశాను.

"దవాఖాన సంచితోనే తిరుగుతున్నడు మీ బాపు," అన్నాడు సడ్డకుడు, కానీ ఆ మాటలో ఎప్పటి ఊపు లేదు.

మిషన్ పూర్తిగా ఆపించాను. గంటు మూసిన నా ఫ్లాపీతో లేపాను. అట్లా లేపితే లోపల దాక్కున్నదానికి ముందుగా నిద్రలేచే అవకాశం ఉండదు. రెండో ఫ్లాపీలోని ప్రోగ్రామ్ నడిపాను. ఉన్నదని చెప్పింది, తీసేయమంటావా అని అడిగింది. అమ్మాయి నా భుజం పట్టుకుంది. ఆమె రెండేళ్ల పని ఆ పెట్టెలోనే ఉంది.

తీసేయమన్నాను. తీసేసింది. మళ్లీ లేపి మెమరీ అడిగితే 655360 వచ్చింది. నాలుగో చాప్టర్ తెరిస్తే మొదటి వాక్యం నుంచి చివరి పట్టిక వరకూ చెక్కుచెదరలేదు. తరువాత ఇంట్లో ఉన్న ఫ్లాపీలన్నీ తెప్పించి, దుకాణం లెక్కలవి కూడా, ఒక్కొక్కటే శుభ్రం చేశాను. ఒక్కటి వదిలినా అది మళ్లీ మొదలుపెడుతుంది. ఖరాబైనవి పక్కన పారేసి, కొత్తవాటి మీద అన్ని చాప్టర్లూ మళ్లీ ఎక్కించాము.

అమ్మాయి లేచింది. నా దగ్గరికి వస్తుందనుకున్నాను. ఆమె గల్లా పక్కన స్టూలు మీద కూర్చున్న చిన్నాయన దగ్గరికి వెళ్లింది.

"ఏం కాలేదు చిన్నాయినా. తెచ్చింది నేను కద, నీ తప్పేమున్నది?"

"నీ కష్టమంత నా చేతులతోటి ఆగం జేస్తుంటి బిడ్డా."

"కాలేదు కద. నువ్వట్ల కూసోకు, మంచిగలేదు."

కాపాడినవాణ్ణి నేను. ఓదార్పు అతనికి. నేను ఫ్లాపీలను కవర్లలో పెడుతూ పెడుతూ ఒకదాన్ని తలకిందులుగా పెట్టాను.

సాయంత్రం చాయ్ తాగేటప్పుడు మాట ఎత్తాను. "రేపు మాతోటి రా బిడ్డా. మనింట్ల మిషన్ శుభ్రంగుంది. అక్కడ్నే పూర్తి చెయ్యి."

"ఇంకా రెండూర్లు మిగిలినయి బాపూ. సోమారం చిన్నాయిన స్కూటర్ మీద పోవాలె. ఈడ్నే చేస్త."

"ఇగ మూతికి గుడ్డనే కడ్త అన్నా," అన్నాడు సడ్డకుడు. "ఫ్లాపీ పెట్ట. నీ మీదొట్టు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా భార్య నన్నొక్కడినే చూసింది.

మరునాడు పొద్దున అమ్మాయి మమ్మల్ని బస్టాండు దాకా సాగనంపింది. బస్సు కదిలేముందు కిటికీలోంచి ఒక కవరు అందించింది. అందులో ఫ్లాపీ ఉంది. గంటు మీద కాగితం అతికించి ఉంది, అంచులు గోటితో గట్టిగా రుద్ది మరీ.

"మొత్తం చాప్టర్లున్నయి. రెండు కాపీలు ఒక్కింట్లనే ఉంటె ఏం ఫాయిదా? ఒకటి ఈడ, ఒకటి నీ బీరువాల. నువ్వైతె జాగ్రత్తగ పెడ్తవు బాపూ."

జడ్చర్ల దాకా ఆ కవరును ఒళ్లోనే పెట్టుకున్నాను. నా భార్య ఆవకాయ జాడీని ఒళ్లో పెట్టుకుంది. నాకు ఒక ఫ్లాపీ ఇచ్చింది, నిజమే. రెండోది అతని ఇంట్లోనే ఉంది. అమ్మాయి కూడా.

ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, బీరువా తెరవకముందే మిషన్ ముందు కూర్చున్నాను. సడ్డకుడి ఇంటి నుంచి వచ్చిన ఫ్లాపీ కాబట్టి నియమం ప్రకారం పరీక్షించాను. గరగరమని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

శుభ్రంగా ఉంది. ఏదైనా దొరుకుతుందేమోనని ఇంకొకసారి పరీక్షించాను. ఏమీ దొరకలేదు. అప్పుడు బీరువాలో పెట్టి తాళం వేశాను.