అమ్మ ఏ సంవత్సరంలో ఉంది

తేదీల మాస్టారికి అసలు పేరు ఒకటుండేది గానీ, జీతం పుచ్చుకునేటప్పుడు చేసే సంతకంలో తప్ప దానికి వేరే పని ఉండేది కాదు. ఏ వస్తువు చేతికిచ్చినా తిరగేసి, వెలుతురుకు పట్టి, వాసన చూసి, ఇది ఫలానా కాలానిదని తేల్చందే కింద పెట్టేవాడు కాదు. ఒకసారి బేకరీవాడు తాజా రొట్టె అని చేతిలో పెడితే, ఇది తాజాగా ఉన్న రోజుల్లో మనిద్దరికీ జుట్టు నల్లగా ఉండేది కదా అన్నాడట. బేకరీవాడు ఆ మధ్యాహ్నమే కొట్టు కట్టేసి వెళ్లి జుట్టుకు రంగేసుకున్నాడట. ఈ కథ చెప్పేవాళ్ళలో సగంమంది అప్పుడక్కడ లేరు. మిగతా సగానికి ఆ బేకరీ ఎక్కడుందో తెలియదు. అయినా అబద్ధమని ఎవరూ అనలేదు, ఎందుకంటే మాస్టారు అచ్చంగా అలాంటి మనిషే.

ఆయన చర్చి వెనక రెండు గదుల బైబిలు పాఠశాలలో సాయంత్రాలు పాఠం చెప్పేవాడు. బస్సు డ్రైవరు, ఒక నర్సు, దర్జీ, ఇంకా అలాంటివాళ్ళు పగటి పని ముగించుకుని వచ్చేవాళ్ళు. రాసుకునే పలక ఉన్న కుర్చీలు ఎవరో పుణ్యాత్ముడు దానమిచ్చాడు. అన్నీ ఎడమచేతివాటం వాళ్ళ కోసం చేసినవి. అందుకని ఆ బడిలో చదివినవాళ్ళు ఎక్కడ కూర్చున్నా నడుము తిప్పి కూర్చుంటారని, చూడగానే గుర్తుపట్టొచ్చని నర్సు అనేది.

బైబిల్లోని దానియేలు గ్రంథం ఎప్పుడు రాశారన్నది మాస్టారికి ప్రాణమైన పాఠం. ఆ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు. ఒకాయన మనకు ఊరి సంగతులు చెబుతున్నాడనుకోండి, అని మొదలుపెట్టేవాడు. ఏటి మీద వంతెన కట్టిన సంగతి చెప్పాడు. కట్టిన మేస్త్రీ ఎవరో చెప్పాడు. ప్రారంభం రోజున కత్తెరకు రిబ్బను తెగక పెద్దమనిషి ఎలా చెమటలు కక్కాడో కూడా చెప్పాడు. ఆ తర్వాత, ఈ వంతెన మన మునిమనవల దాకా నిలుస్తుందన్నాడు. అది మరుసటి వానలకే కొట్టుకుపోయింది. మరి ఆయన ఈ మాటలు చెప్పింది ఎప్పుడు? డ్రైవరు చెయ్యెత్తి, ప్రారంభం అయ్యాక, వానలు రాకముందు అనేవాడు. మాస్టారు బల్ల మీద ఒక్క చరుపు చరిచేవాడు. అంతే. మనిషి ఎంత సరిగ్గా చెప్పాడని మురిసిపోవడం కాదు, ఎక్కడినుంచి తప్పడం మొదలుపెట్టాడో చూడాలి. అక్కడే ఆయన కూర్చుని ఉంటాడు.

జరగబోయేది ముందే చెబుతున్నట్టు రాసిన దానియేలు పదకొండో అధ్యాయం కూడా అలాంటిదే. ఉత్తర దేశపు రాజులు, దక్షిణ దేశపు రాజులు, ఎవరి కూతురు ఎవరింటికి వెళ్లింది, ఎవరు ఎవరికి వెన్ను చూపారు, అంతా పక్కింటి కబుర్లంత వివరంగా నడుస్తుంది. అంతియొకసు అనే రాజు యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసేదాకా ఎక్కడా పొల్లు పోదు. అక్కడినుంచి, ఆ రాజు మళ్లీ ఐగుప్తు, అంటే ఈజిప్టు మీద పడతాడని, సముద్రానికీ పరిశుద్ధ పర్వతానికీ నడుమ అతని కథ ముగుస్తుందని ఉంటుంది. కానీ అతను చచ్చింది ఎక్కడో తూర్పున, పారసీక దేశంలో. కాబట్టి రాసినాయన ఉన్నది ఆలయం అపవిత్రమయ్యాక, రాజు చావకముందు. క్రీస్తుకు ముందు నూట అరవై ఏడుకీ నూట అరవై నాలుగుకీ మధ్య. ఈ గ్రంథం రాశాడని అందరూ నమ్మే, బబులోను చెరకు వెళ్లిన దానియేలు అప్పటికి బతికుంటే నాలుగు వందల ఏళ్లు దాటిన ముసలాయన. చాలామంది పండితులు చెప్పేది ఇదే. కాదనే పండితులూ ఉన్నారు. వాళ్ళ వాదన కూడా మాస్టారు నిజాయితీగానే చెప్పేవాడు, కాస్త తొందరగా.

ఈ పాఠాన్ని ఆయన ఒక ఆదివారం చర్చిలో సంఘమంతటి ముందు చెప్పాడు. పాస్టరుగారే అడిగారు పాపం, ఏదైనా నాలుగు మాటలు మాట్లాడమని. ముందు వరుసలో మాస్టారి తల్లి కూర్చుని ఉంది.

ఆవిడ చిన్నపిల్లలకు దానియేలును పడేసిన సింహాల గుహ కథ చెబితే, విన్న పిల్లలు వారం పాటు పిల్లిని చూసి కూడా మంచమెక్కేవాళ్ళు. కొడుకు మొదట ఆ కథ విన్నది ఆవిడ ఒళ్లోనే. భర్త ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసి ఊపిరితిత్తులు పాడై మంచాన పడితే, చివరి నెలలన్నీ పక్కన కూర్చుని ఆవిడ చదివి వినిపించింది ఈ దానియేలునే. ఎక్కడెక్కడి రాజులకో జరగబోయేది వందల ఏళ్ల ముందే తెలిసిన దేవుడికి, ఒక లేతు పనివాడి ఊపిరి సంగతి తెలియకుండా ఉంటుందా అన్నది ఆవిడ ధైర్యం. ఆ ధైర్యంతోనే ఆయన్ని సాగనంపింది.

ఆ ఆదివారం ఇంటికొచ్చాక మాస్టారు మంచి ఊపులో ఉన్నాడు. చొక్కా విప్పుతూ, ఎలా మాట్లాడానమ్మా అని నవ్వుతూ అడిగాడు. ఆవిడ ఇంకా చెప్పులు విడవలేదు.

"అయితే మీ నాన్నకు నేను చదివిందంతా, జరిగిపోయాక రాసుకున్న కబుర్లేనా?" అంది.

ఆ క్షణంలో ఏం చెప్పినా సరిపోయేది. మంచినీళ్ళు కావాలా అని అడిగినా సరిపోయేది. మాస్టారు కాసేపు ఆలోచించాడు, ఎందుకంటే తప్పు చెప్పడం ఆయనకు చేతకాదు.

"పదకొండో అధ్యాయం చాలావరకు అంతేనమ్మా," అన్నాడు, నవ్వు ఇంకా మొహం మీదే ఉండగా. "మొదటి ఆరు అధ్యాయాల్లో కథలు మాత్రం కొంచెం పాతవి."

ఆ పూట నుంచి ఆవిడ కొడుకుతో మాట్లాడలేదు. వేరే ఇంటికి పోలేదు, ఏడవలేదు, తిండి మానలేదు. ఏం చెప్పాలన్నా కోడలికి చెప్పేది. అమ్మాయ్, ఆయన్ని కాస్త పక్కకు జరగమను, ఫ్యాను గాలి తగలడం లేదు. ఆయన మూరెడు దూరంలోనే ఉండేవాడు. కోడలు మొగుడి వైపు తిరిగి, ఫ్యాను గాలి తగలడం లేదటండీ అనేది. ఆయన జరిగేవాడు. ఆ ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు పుట్టేది. అలా ఏళ్లు గడిచాయి.

క్షమించమని అడగాలని మాస్టారికి లేకపోలేదు. కానీ అడగడమంటే ఆ గ్రంథం బబులోనులోనే రాశారని ఒప్పుకోవడమే అనుకున్నాడు. అది ఆయనకు గొంతు దిగేది కాదు. భార్య ఒకరోజు బట్టలు మడతపెడుతూ అంది: "తేదీ మార్చమని మిమ్మల్ని ఎవరడిగారు? ఆ రోజు అలా నవ్వుతూ చెప్పకుండా ఉండాల్సిందని చెప్పండి. అత్తయ్యకు అది చాలు." మాస్టారు మర్నాడు చెబుదామనుకున్నాడు. తర్వాత ఎన్ని మర్నాళ్ళు వచ్చిపోయాయో తేల్చాలంటే ఆయన లాంటివాడే ఇంకొకడు కావాలి.

ఒక ఉదయం ఆయన బయటికి బయలుదేరుతుంటే వెనకనుంచి పిలుపు వినబడింది. "ఒరేయ్, గుండీ ఊడింది, ఇలా రా. కుట్టిపెడతాను."

మాస్టారు వెళ్లి తల్లి ముందు నిలబడ్డాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించి, చొక్కా ఒంటిమీద ఉండగానే గుండీ కుట్టి, దారం పంటితో కొరికింది. ఆయన కళ్ళనిండా నీళ్ళు. ఇన్నాళ్ళకు కరిగింది అనుకున్నాడు. అప్పుడావిడ సూదిని డబ్బాలో పెట్టి, మీ నాన్న షిఫ్టు దిగేవేళయింది, గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడకు అంది.

మాస్టారికి అప్పుడర్థమైంది. ఆవిడ కోపం కరగలేదు. ఆవిడ జ్ఞాపకంలోంచి ఆ కోపమొచ్చిన ఏడాదే మొత్తంగా కరిగిపోయింది.

డాక్టరు పరీక్షలు చేసి, ఇలాంటప్పుడు డాక్టర్లు చెప్పేదే చెప్పాడు. ముందు దగ్గరివి పోతాయి, దూరానివి మిగులుతాయి, తిరుగుదారి లేదు. మాస్టారు ఇంటికొచ్చి తనకు తెలిసిన పని మొదలుపెట్టాడు. పాస్టరుగారు ఎవరమ్మా అని అడిగితే పాత పాస్టరు పేరు చెప్పింది. కోడలు ఎలా ఉందంటే, కొత్త కదా, ఇంకా మనింటికి అలవాటు పడలేదంది. వంటింటి తలుపుకు ఏం రంగని అడిగితే, ఇంకా వేయనిదే ఏం చెప్పనంది. ఇలా కూడి తీసి, అమ్మ ఫలానా సంవత్సరంలో ఉందని ఆయన తేల్చాడు. కొన్నాళ్ళకు ఇంకొంచెం వెనక. మెల్లగానే జరుగుతోంది, తను పుట్టిన ఏడు దాకా వెళ్లడానికి చాలా కాలముందిలే అని లెక్కకట్టి ధైర్యంగా ఉన్నాడు.

భార్య మాత్రం ఇప్పుడే చెప్పేయండి అంది. మిమ్మల్ని కొడుకని గుర్తుపడుతున్నప్పుడే చెప్పేయండి అంది.

"జరగని గొడవకు క్షమాపణ ఎవరిని అడగను?" అన్నాడు మాస్టారు. "ఈ అమ్మకు నా మీద కోపమే లేదు. ఆ కోపమున్న అమ్మ రావాలి."

ఆవిడ వస్తుందనే ఆయన నమ్మకం. ఏ గ్రంథమూ మొదటినుంచి చివరిదాకా ఒకే వయసుది కాదు. పాత పొరల మధ్య కొత్త పొర ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఏదో ఒక పూట అమ్మ ఈ చివరి ఏళ్లలో నిద్రలేస్తుందని, ఆ పూట చెబుతానని కాచుకుని కూర్చున్నాడు. పొద్దున్నే ఆవిడ నవ్వుతూ పలకరిస్తే, ఈవేళ కూడా కోపం లేదని దిగులుపడేవాడు. తల్లి తిట్టలేదని దిగులుపడ్డ కొడుకు ఈ భూమ్మీద ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఆ పూట రానే వచ్చింది. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోంది. మాస్టారు లోపలికొచ్చి ఏదో అన్నాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది.

"అమ్మాయ్," అంది కోడలితో, "తడి తువ్వాలు మంచం మీద వేయొద్దని ఆయనకు చెప్పు."

కోడలి చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. మొగుడి వైపు చూసింది. గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టి, బయటికెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

మాస్టారి గుండె నిండిపోయింది. కుర్చీ లాక్కుని తల్లికి ఎదురుగా కూర్చున్నాడు. ఏళ్ల తరబడి దాచుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయనకు అనుమానం తగిలింది. ఇది ఆ కోపమేనా, లేక తడి తువ్వాలు కోపమేనా? చిన్నప్పుడు కూడా ఆవిడ ఇలా మొహం తిప్పుకున్న రోజులున్నాయి. వేరే సంవత్సరంలో ఉన్న మనిషిని అడిగితే అడిగినట్టు అవుతుందా? ముందు తేల్చుకోవాలి.

పాస్టరుగారు ఎవరమ్మా అని అడిగాడు. ఆవిడ పలకలేదు. పలకకపోవడం సాక్ష్యంగా సరిపోదు. వంటింటి తలుపు రంగు అడిగాడు. ఆవిడ తువ్వాలు మడత విప్పి మళ్లీ మడిచింది. ఇంకొక్కటి అడిగితే తేలిపోతుందనిపించింది.

"అమ్మా, నాన్న ఎక్కడ?"

ఆవిడ తలెత్తి నేరుగా ఆయన మొహంలోకి చూసింది. అన్నేళ్ల తర్వాత ఆ కోపమున్న అమ్మ చూపు ఆయన మీద పడడం అదే మొదలు.

"మీ నాన్న పోయాడు కదరా," అంది. "నన్నెందుకు అడుగుతున్నావు?"

తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఆ కబురు ఆ పూటే తెలిసినట్టు. అమ్మా అమ్మా అంటూ మాస్టారు చేతులు పట్టుకున్నాడు. ఆ రోజు నేను అలా, అని మొదలుపెట్టాడు గానీ ఆ ఏడుపులో ఎవరి మాటా ఎవరికీ చేరదు. ఏడుపు తగ్గేసరికి ఆవిడ తువ్వాలు దించి, తడి మొహంతో అటూ ఇటూ చూసింది. ఒరేయ్, నేనెందుకు ఏడుస్తున్నాను, బడికెళ్ళలేదేంరా ఇవాళ అంది.

భార్య తలుపు తీసుకుని వచ్చింది. ఆ ఇద్దరినీ చూసింది.

"తేలిందా?" అంది.

"తేలింది," అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత ఆయన లెక్కలేవీ నిలవలేదు. మెట్లు దిగుతున్న మనిషి ఒక్కసారి జారినట్టు ఆవిడ ఏళ్లకేళ్లు దాటిపోయింది. కోడలు మందులిచ్చే అమ్మాయి అయింది. మాస్టారు కొన్నాళ్ళు ఆవిడకు తమ్ముడు, కొన్నాళ్ళు ఇంటి యజమాని. పాఠశాలకు సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాడు. పలకరించడానికి వచ్చిన దర్జీ, నడుము తిప్పి కూర్చుని, దానియేలు పాఠం మిగిలిపోయింది మాస్టారూ అన్నాడు. వేరే ఎవరితోనైనా చెప్పించుకోమన్నాడు మాస్టారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కిటికీ పక్క కుర్చీలో ఎండకు కూర్చుని ఉంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. మాస్టారిని చూసి సర్దుకుని, కూర్చోండి అంది. పొరుగింటి పెద్దాయనతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడింది. మావారు లేతు పనికి వెళ్లారు, సాయంత్రానికి గానీ రారు అంది. సిగ్గుపడుతూ, మాకు పాప పుట్టబోతోంది అంది. ఆడపిల్లేనండీ, నాకు తెలిసిపోయింది, గౌన్లు కూడా కుట్టేశాను.

ఆవిడకు పుట్టింది ఒక్కడే, అదీ మగపిల్లాడు. మాస్టారు ఆ సంవత్సరాన్ని తేల్చడానికి ఇక వేరే ప్రశ్న అడగక్కర్లేదు. ఎప్పటిదో నెలతో సహా తెలిసిపోయింది. తెలిసినందుకు జీవితంలో మొదటిసారి ఆయనకు ఏ సంతోషమూ కలగలేదు.

కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఒక మాట అడగనా అమ్మా," అన్నాడు. "ఒక కొడుకు తల్లి మనసు కష్టపెట్టాడు. ఆవిడ ఏడవాల్సిన చోట వాడు నవ్వాడు. తర్వాత చెబుదాం చెబుదామని చెప్పకుండానే ఉండిపోయాడు. ఆ తల్లి వాణ్ణి క్షమిస్తుందంటారా?"

ఆవిడ నిజంగా ఆలోచించింది. తెలియని మనిషి మీద జాలి ఆవిడ మొహంలో కనబడింది.

"నాకింకా పిల్లలు లేరు కదండీ," అంది. "నాకెలా తెలుస్తుంది? మీ అమ్మగారినే అడగండి."

మాస్టారు అలాగేనన్నాడు.